మోచేయి దాటని నవ్వు

మనిషి బుర్రకి మరమ్మతు చేసే యంత్రాన్ని కనిపెట్టినవాళ్లు, ఆ మనిషికి ఒక అమ్మ ఉంటుందన్న సంగతి మాత్రం కనిపెట్టలేకపోయారు.

నూకరత్నం ఆ మాట పైకి అనలేదు. పళ్లు బిగబట్టి లోపలే అనుకుంది. కూతురి తల ఆమె ఒళ్లో ఉంది. నాలుగేళ్ల హన్వికకి ఎడమ చెవి వెనక, జుట్టు గొరిగిన చోట, చర్మం కింద చింతగింజంత ఉబ్బు. దాని మీద డాక్టర్ ఇందుమతి అప్పడంలాంటి బిళ్ల ఒకటి ఆనించి పట్టుకుంది. ఎదురుగా తెర మీద నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. అది చివరికంటా పాకితే గింజ ఖాళీ అయినట్టు.

"కదలనీకమ్మా. అయిపోవచ్చింది" అంది డాక్టరు.

"ఏటి అయిపోవచ్చింది మేడమ్?"

"ఇన్నాళ్లూ నడిచిన సిస్టమ్ తీసేస్తున్నాం. రెండోది ఎక్కించాలి కదా."

"మరి ఇన్నాళ్లూ అది నా పిల్ల దగ్గర నేర్చుకున్నది?"

"అదీ పోవాలి. లేకపోతే పోలిక సరిగ్గా రాదు. ముగ్గుర్ని పరుగు పందెంలో పెట్టామనుకో, ముగ్గుర్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టొద్దూ?"

"పందెం మీ సిస్టమ్‌లది మేడమ్. పరిగెత్తేది నా పిల్ల."

డాక్టరు బిళ్ల మీంచి చూపు తియ్యలేదు. గీత చివరికి చేరింది. హన్విక కళ్లు తెరిచి తల్లి మొహంలోకి చూసింది. నోరు తెరిచి ఏదో అడగబోయింది. అడగాల్సిన మాట దొరకలేదు. పొద్దున్న బస్సెక్కేటప్పుడు "నీళ్లు" అని అడిగిన పిల్ల, ఇప్పుడు సీసా వైపు చెయ్యి చాపి ఊరుకుంది.

ఇది మొదటి నుంచీ చెప్పుకోవాల్సిన సంగతి.

హన్వికకి పాలు తాగే వయసులోనే ఫిట్స్ మొదలయ్యాయి. తాగుతూ తాగుతూ కళ్లు తేలేసేది. పిడికిళ్లు బిగిసేవి. పెదాల చుట్టూ నీలం కమ్మేది. మందులన్నీ అయ్యాయి. నూకరత్నం అత్త సింహాద్రమ్మ కట్టించిన తాయెత్తులన్నీ అయ్యాయి. తండ్రి సన్నిబాబు ఓడలు కట్టే యార్డులో వెల్డింగు పని చేస్తాడు. నిప్పురవ్వలకి జడవని మనిషి, పిల్ల చెయ్యి ఒక్కసారి బిగిస్తే చాలు, గుమ్మం అవతలికి వెళ్లి నిలబడిపోయేవాడు.

నూకరత్నం తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. తల్లి మంచాన పడితే తమ్ముళ్లకి వండిపెట్టేదెవరు? ఆ తరవాత ఆమె చదివిన చదువల్లా కూతురి ఒళ్లే. స్టవ్ దగ్గరున్నా, మేడ మీద బట్టలు ఆరేస్తున్నా ఒక చెవి పిల్ల దగ్గరే ఉండేది. అలాంటిదానికి, కొండ మీది పరిశోధన ఆస్పత్రి వాళ్లు వచ్చి మూర్ఛ రాకముందే ఆపేసే గింజ ఉందని చెబితే, ఇంకేం కావాలి? పైగా ఉచితం అన్నారు. ఆ ఉచితం ఏమిటో తరవాత తెలిసింది.

గింజ చేసే పని అబద్ధం కాదు. బుర్రలో మెరుపు పుట్టబోతోందని ముందే పసిగట్టి, ఎదురు మెరుపు వేసి చల్లార్చేస్తుంది. మూర్ఛలు పాడుచేసిన దారుల పక్కన కొత్త దారి వేస్తుంది. మాట తడుముకునే పిల్లకి మాట అందిస్తుంది. గింజ ఒకటే. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లు మాత్రం మూడు, ముగ్గురు తయారు చేసినవి. మూడింటిలో ఏది మేలో తేల్చాలి. అందుకని పిల్లలందరికీ వానాకాలం ఒకటి, చలికాలం ఒకటి, ఎండాకాలం ఒకటి.

ఆస్పత్రి హాల్లో కూర్చునే తల్లులకి ఆ సిస్టమ్‌ల ఇంగ్లీషు పేర్లు నోరు తిరిగేవి కావు. అల్లిపురం నుంచి వచ్చే జరీనా వాటికి పేర్లు పెట్టింది. జరీనా మొగుడికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. కొడుకు అయాన్‌కి హన్విక ఈడే, ఫిట్స్ మాత్రం ఇంకా ఎక్కువ.

"మొదటిది వార్డెనమ్మ అక్కా" అంది జరీనా. "నేను హాస్టల్లో చదివాను కదా, నాకు తెలుసు. గది శుభ్రం, అన్నం టయానికి, దొంగ భయం లేదు. కానీ గేటు తాళం ఆవిడ బొడ్లోనే. ఇంటి నుంచి ఆవకాయ తెచ్చుకున్నా లాగేసుకుంటది."

"రెండోది?"

"సంత. అక్కడ లేని వస్తువుండదు. అందరూ అక్కడికే పోతారు, అందరికీ అలవాటే. జేబులు కత్తిరించేవాడూ అక్కడే ఉంటాడు. కొనడం మధ్యలో ఉండగా ఊడవాలి లెగండి లెగండి అని తరిమేస్తారు."

"మూడోది కూడా చెప్పెయ్యి మరి."

"వీధి కుళాయి. ఎవరిదీ కాదు, అందరిదీ. చెడిపోతే పానా ఉన్నవాడు వచ్చి బిగిస్తాడు. ఎవడి దగ్గరా పానా లేదనుకో, బిందెలు పట్టుకుని నిలబడటమే."

హాలు హాలంతా నవ్వింది. ఆ పేర్లే ఖాయమయ్యాయి. చివరికి ఇందుమతి డాక్టరు కూడా ఒకసారి నోరుజారి "మీ పాపకి వార్డెనమ్మ బాగా పడింది" అనేసింది.

నిజంగానే పడింది. ఆ వానాకాలం హన్వికకి ఒక్క ఫిట్టు లేదు. నూకరత్నం పిల్లని ఇంట్లో వదిలి, పక్కవీధి దాకా నడిచి కూరలు తెచ్చుకుంది. హన్విక పుట్టాక కూరలు ఏరి కొనడం అదే మొదలు. అత్త పైడితల్లి గుడిలో కొబ్బరికాయ కొట్టింది. సన్నిబాబు గుమ్మం లోపలే కూర్చుని పిల్లకి జడ వెయ్యడం నేర్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. అన్నాలయ్యాయి. నూకరత్నం పిల్లని చాప మీద కూర్చోబెట్టుకుని, అరచేతిలో పప్పు పోసింది, అన్నం పెట్టింది, నెయ్యి వేసింది. అంతా ఉత్తుత్తిదే. మోచేత్తో కలిపింది. ముద్దలు చేసి ఒక్కో వేలుకీ పెట్టి మడిచింది. ఇది నాన్నకి, ఇది మామ్మకి, ఇది నీకు. ఇక తన రెండు వేళ్లనీ మనిషిలా నడిపిస్తూ బయల్దేరింది. "అత్తోరింటికి దారేటి? ఇటా, ఇటా?" మణికట్టు దాటింది. ఈ ఆటలో కిటుకంతా మోచేతి దగ్గరే ఉంది. అక్కడ వేళ్లు కాసేపు ఆగుతాయి. పిల్లలు ఊపిరి బిగబడతారు. చంకలో చక్కిలిగింత ఇంకా పడకుండానే ఒళ్లంతా నవ్వు అయిపోతుంది.

హన్విక ఊపిరి బిగబట్టింది. కళ్లు మెరిశాయి. అంతలో ఎవరో స్విచ్ నొక్కినట్టు ఆ మెరుపు ఆరిపోయింది. మొహం తోమి బోర్లించిన కంచంలా అయిపోయింది. నూకరత్నం వేళ్లు చంక దాకా వెళ్లాయి. పిల్ల కదల్లేదు. తల్లి చెయ్యి చేసే పని ఎప్పుడైపోతుందా అని మర్యాదగా చూస్తూ కూర్చుంది.

మళ్లీ ఆడింది. మళ్లీ మోచేతి దగ్గరే ఆరిపోయింది.

"నిద్రొత్తందేమోలే" అంది అత్త.

నిద్ర కాదని నూకరత్నానికి తెలుసు.

నూకరత్నం వెళ్లి చెబితే డాక్టరు ఆ మాట కొట్టిపారెయ్యలేదు. అంతవరకు ఆమె మంచిదే. గింజ రాసిపెట్టిన గీతలన్నీ తీసి చూసింది. "నవ్వు వచ్చే ముందు లేచే అల, మూర్ఛ వచ్చే ముందు లేచే అల ఈ పిల్లలో ఒకేలా ఉన్నాయమ్మా. ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంది చూడు, అక్కడ. సిస్టమ్ దాన్ని మూర్ఛ అనుకుని ఆర్పేస్తోంది. దీన్ని తయారు చేసిన చోట పిల్లల్ని ఇలా మోచేతి దాకా ఊరించి నవ్వించరేమో."

"అయితే ఇది మూర్ఛ కాదు, నవ్వు అని దానికి చెప్పండి."

"చెప్పలేం. లోపల ఏముందో మాకూ చూపించరు. కంపెనీకి రాశాను."

"గేటు తాళం మీ దగ్గర కూడా లేదా?"

"లేదు."

"తాళం మీ దగ్గర లేని గదిని నా పిల్ల బుర్రలో ఎందుకు కట్టారు మేడమ్?"

ఇందుమతి కళ్లజోడు తీసింది. "ఫిట్స్ ఆగాయా, లేదా?"

"ఆగాయి."

"మరి?"

ఆ 'మరి' నిప్పు కుంపటిలా నూకరత్నం వెంటే వచ్చింది. దానితోనే బస్సెక్కింది, దానితోనే అన్నం వండింది.

అదిగో, ఆ వార్డెనమ్మని తుడిచిన రోజే పిల్ల నీళ్లనే మాట మర్చిపోయి సీసా వైపు చెయ్యి చాపింది. ఆసరా కర్ర లాగేస్తే కుంటివాడు ఏమవుతాడో, గింజ ఖాళీ అయితే పిల్లలు అదే అవుతారు. తమకి తామే సత్తువ కూడదీసుకుని లేవాలి. పందెం మధ్యలో పడినవాళ్లకి గెలుపోటములేమిటి, మోకాళ్లు చీరుకుపోవడం తప్ప.

చలికాలం సంత. హన్వికకి మాటలు మళ్లీ వచ్చాయి. వచ్చాయంటే అలా ఇలా కాదు, గంప కింద కోడిపిల్లల్లా అన్నీ ఒక్కసారే వచ్చాయి. పాటలు, ఎక్కాలు, పక్కింటి టీవీలో వచ్చే సబ్బు ప్రకటనలు. మామ్మని "ఓలమ్మి, ఇటు రా" అని పిలిచింది. సింహాద్రమ్మ పొంగిపోయి "గుంటకి నా నోరే వొచ్చింది" అని వీధంతా చెప్పుకుంది. నవ్వు మోచేయి దాటింది. ఆ రోజు నూకరత్నం వంట మానేసి ఆడుతూనే కూర్చుంది.

తరవాత ఒక పొద్దున్న హన్విక "టింగుటింగు బిస్కెట్లు కావాలి" అంది.

"అవేటమ్మా?"

"టింగుటింగు. పసుపు కాగితంలో ఉంటాయి."

ఇంట్లో ఎవరూ ఆ పేరు వినలేదు. కొట్టుకి తీసుకెళ్తే, కొట్టువాడు తెల్లబోయాడు. "ఇప్పుడే కదమ్మా లారీవాడు దించింది. ఇంకా అట్టపెట్టె కూడా విప్పలేదు. పాపకెలా తెలిసింది?"

నూకరత్నం పిల్లని చంకనేసుకుని ఇంటికొచ్చేసింది. అత్త మాత్రం ఉన్నమాట అనేసింది. "గుంట బుర్రలోకి కూడా దుకాణపోళ్లు వొచ్చీసినారేటే. అద్దె కడతారేటి?"

ప్రకటనలు దూరే ఆ చిల్లుని డాక్టరు మూయించింది. క్షమించమని కూడా అంది. కానీ ఊడ్చే సంగతి ఎవరూ ఆపలేకపోయారు. ఆస్పత్రికి వెళ్తున్న బస్సులో, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర, నూకరత్నం చేతిలో, గింజతో ముడిపెట్టిన ఫోను కుయ్యిమంది. 'అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి ఓపిక పట్టండి.' ఆపడానికి మీట వెతికింది. లేదు. గింజ తన ఇల్లు తను ఊడ్చుకుంటోంది, అంతవరకూ పిల్లని చూసేవాళ్లు లేరు. ఆ సందులోనే మూర్ఛ వచ్చింది. ముందు సీటు ఇనప కమ్మీకి కొట్టుకుని పెదవి చిట్లింది. ఎవరో తాళాలగుత్తి తీసి పిల్ల చేతిలో కుక్కబోయారు. ఎవరో ఉల్లిపాయ అన్నారు. కండక్టరు బస్సాపించాడు. నూకరత్నం కూతుర్ని పక్కకి తిప్పి పట్టుకుని, సగానికి వచ్చి ఆగిన అప్‌డేట్ గీతని చూస్తూ కూర్చుంది. ఓపిక పట్టమన్నవాడు ఎదురుగా ఉంటే ఆ తాళాలగుత్తి వాడి నోట్లో కుక్కేది.

చలికాలం పోయింది. గింజని మళ్లీ ఖాళీ చేశారు. ఈసారి హన్విక నీళ్లు మర్చిపోలేదు. మామ్మని మర్చిపోయింది. సింహాద్రమ్మ ఎదురొచ్చి చేతులు చాపితే తల్లి కొంగు వెనక దాక్కుంది. ముసలిది చాపిన చేతులు వెనక్కి తీసుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

ఎండాకాలం కుళాయి. అది మొదట్లో నరకం. ప్రతిదీ చేత్తో సరిచెయ్యాలి. ఎంత మెరుపుకి ఎంత ఎదురు మెరుపు వెయ్యాలో ఫోన్లో తిప్పుకోవాలి. ఆస్పత్రిలో దాని గురించి పూర్తిగా తెలిసినవాళ్లు లేరు. ఉన్నదల్లా గింజలున్న పిల్లల అమ్మానాన్నల ఫోను గుంపు ఒకటి, ఎక్కడెక్కడి వాళ్లో. అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. జరీనా మొగుడు కొట్టు కట్టేసి మరీ నేర్పించాడు. నూకరత్నం ముందు బెదిరింది. తరవాత, కుక్కర్ విజిల్ పాడైతే విప్పి చూస్తాం కదా, ఇదీ అంతే అనుకుంది.

అంతే కాలేదు. హుబ్లీలో బసవరాజని ఒక తండ్రి, కూతురి కోసం సిస్టమ్‌లో చిన్న మార్పు రాసి గుంపులో పెట్టాడు. నూకరత్నం దాన్ని ఎక్కించింది. ఆ మధ్యాహ్నం హన్విక ఎడమ చెయ్యి వాలిపోయింది. ఎత్తమంటే ఎత్తలేదు, తడిబట్టలా వేలాడింది. నూకరత్నం గుంపులో అడిగింది. "సారీ సిస్టర్, నా తప్పే, చూస్తున్నాను" అని ఆయన గొంతు వచ్చింది. అటువైపు ఆయన కూతురు ఏడుస్తోంది. పొద్దువాలేలోపు సరిచేశాడు. పిల్ల చెయ్యి లేచింది. ఆయన్ని తిట్టాలని నూకరత్నం ఫోను తీసి, ఆ ఏడుపు గుర్తొచ్చి, పెట్టేసింది. వార్డెనమ్మని తిట్టొచ్చు, సంతని తిట్టొచ్చు. కుళాయిని తిడితే మన నోరే పాడు.

మరి నవ్వు? కుళాయి కూడా మొదట నవ్వుని మూర్ఛే అనుకుంది. అదే పాత మోచేయి. అయితే ఇక్కడ చెప్పుకునే చోటుంది. నూకరత్నం చాప మీద కూర్చుని అరచేతిలో పప్పు పోస్తుంటే, అప్పుడు లేచే అల రికార్డవడానికి సింహాద్రమ్మ పిల్ల చెవి దగ్గర ఫోను పట్టుకుంది. మళ్లీ మళ్లీ ఆడారు. జరీనా అయాన్‌తో ఆడి పంపింది. కాకినాడ తల్లి, కర్నూలు నాయనమ్మ, ఎవరి ఇంటి దారి వాళ్లు పంపారు. ఒకరికి అత్తోరిల్లు, ఒకరికి మేనమామ ఇల్లు. హుబ్లీలో ఆట కొంచెం వేరే, కానీ మోచేతి దగ్గర ఆగడం అక్కడా ఉందట. ఆ ఆగడాలన్నీ కూర్చి బసవరాజు మార్పు రాశాడు. ఇదిగో సిస్టర్, ఎదురుచూడటం వేరు, మూర్ఛ వేరు, ఇప్పుడు దీనికి తెలుస్తుంది అన్నాడు.

ఆ మార్పు ఎక్కించాక మళ్లీ ఆడితే, వేళ్లు మోచేతి దగ్గర ఆగాయి. హన్విక ఊపిరి బిగబట్టింది. మెరుపు ఆరలేదు. వేళ్లు కదిలాయి. పిల్ల వెల్లకిలా పడి చాపంతా దొర్లింది. ఆ నవ్వుకి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన సింహాద్రమ్మని చూసి, "మామ్మా, నీకూ పప్పు పెడతా" అంది.

ముసలిది కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫిట్స్ పూర్తిగా ఆగాయని కాదు. అప్పుడప్పుడూ వచ్చేవి, ముందంత గట్టిగా కాదు. వచ్చినప్పుడల్లా తను సరిగ్గా తిప్పలేదేమోనని నూకరత్నం తన్ను తానే తినేసేది. చెప్పాలంటే అదీ కుళాయి గుణమే. నీళ్లు రాకపోతే తప్పు నీదేనేమో అనిపిస్తుంది.

తొలకరికి ముందు ఆస్పత్రి వాళ్లు అందర్నీ పిలిచారు. సన్నిబాబు కూడా సెలవు పెట్టుకుని వచ్చాడు, చొక్కా చేతుల మీద నిప్పురవ్వల చిల్లులతోనే. హాల్లో పెద్ద తెర మీద పట్టిక. మూడు నిలువు గడులు. బలాలు, బలహీనతలు. భద్రత, వేగం, ఖర్చు, వాడటానికి సులువు, మార్పులకి వీలు. ఇందుమతి ఒక్కోటీ నిదానంగా, పక్షపాతం లేకుండా చదివింది. మార్పులకి వీలున్న చోట కుళాయికి మంచి మార్కులే పడ్డాయి. కింద అన్నిటికన్నా లావు అక్షరాలతో మూర్ఛల లెక్క. వార్డెనమ్మ గడిలో సున్నా.

"అందుకని పిల్లలందరికీ మొదటి సిస్టమ్‌నే శాశ్వతంగా ఉంచాలని నిర్ణయించాం. వచ్చే వారం నుంచి గింజలు ఖాళీ చేసి..."

"మళ్లీ ఖాళీయా?" నూకరత్నం లేచి నిలబడింది. నిలబడ్డాక తెలిసింది తను లేచానని.

"ఇదే ఆఖరుసారమ్మా."

"ఆ పట్టికలో నవ్వెక్కడుంది మేడమ్?"

"నవ్వు కొలిచే విషయం కాదు."

"కొలవనిది పోయినా పర్లేదా? ఒక పిల్లని తుడిచేశారు. చలికాలం ఇంకో పిల్ల వస్తే దాన్నీ తుడిచేశారు. ఈ మూడోది మామ్మకి పప్పు పెడతానన్న పిల్ల. దీన్ని తుడవనివ్వను."

సన్నిబాబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రత్నం, సున్నా అంటున్నారు కదే. సున్నా."

"నువ్వు గుమ్మం బయట ఉంటావు మావా. లోపల పట్టుకునేది నేను."

అతను చెయ్యి వదిలేశాడు. ఆ మాట అనకూడనిదని ఆమెకీ తెలిసింది. వెనక్కి తీసుకోలేదు.

ఇందుమతి వేదిక దిగి దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది. "కిందటేడు ఒక బాబు నీళ్ల డ్రమ్ము దగ్గర ఆడుకుంటున్నాడు. మూర్ఛ వచ్చింది. వాళ్లమ్మ పక్కింటికి చీపురడగడానికి వెళ్లింది. అంతసేపే. ఆ బాబుని నేనే చూశాను. నువ్వు చూళ్లేదు. నాకు ఆ సున్నా ఊరికే రాలేదు రత్నం."

నూకరత్నం పిల్లని దగ్గరికి లాక్కుంది. వాళ్లింట్లోనూ డ్రమ్ముంది. అందుకే కోపం ఇంకా పెరిగింది. ఈవిడ చెడ్డదైతే ఎంత సుఖంగా ఉండేది.

"మీకు అరచేతిలో పప్పన్నం ఆట తెలుసా మేడమ్?"

"మా అమ్మమ్మ ఆడించేది."

"ఆడించండి."

డాక్టరు అటూ ఇటూ చూసింది. హన్విక అప్పటికే అరచెయ్యి చాపేసింది. ఇందుమతి వంగి కూర్చుని పప్పు పోసింది, నెయ్యి వేసింది. మర్చిపోలేదు, ముద్దలు కూడా పెట్టింది. వేళ్లు నడిచాయి. మణికట్టు దాటాయి. మోచేతి దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఊపిరి బిగబట్టింది. పక్కనే, గింజ సంకేతాలు చూపించే చిన్న తెర మీద గీత కొండలా లేచింది. డాక్టరు వేళ్లు ఆగిపోయాయి. ఆగి, అక్కడే ఉండిపోయాయి. రెండో చెయ్యి తనంతట తనే బిళ్ల కోసం వెతికింది.

"చూశారా? మీరూ ఆపేశారు."

"ఆపడమే నా పని, రత్నం."

"ఎరుగుదును. నా పని అది కాదు."

ఆగిపోయిన వేళ్ల వైపు చూస్తూ హన్విక "మరి దారి?" అంది. ఇందుమతి చెయ్యి వెనక్కి తీసుకుని లేచింది. తల్లి వద్దంటే బలవంతంగా తుడవడానికి ఆస్పత్రికి వీల్లేదు, కుళాయికి తాళం పడదు. కానీ ఇక మీదట ఆ గింజ మీద ఆస్పత్రి చెయ్యి వెయ్యదని చెప్పింది. "మూర్ఛ వస్తే మాత్రం తీసుకురా. మామూలు పిల్లలా చూస్తాను" అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు నేల మీదున్నాయి.

నూకరత్నం జరీనా వైపు తిరిగింది. "పద, మనం పోదాం."

జరీనా లేవలేదు. అయాన్ ఆమె భుజం మీద వాలి ఉన్నాడు. నుదుటి మీద కిందటి వారం పడినప్పటి కుట్లు. "నేను వార్డెనమ్మకే ఇస్తున్నానక్కా" అంది. "వీడికొచ్చేవి నీ పిల్లకొచ్చేలాంటివి కావు. నవ్వకపోయినా పర్లేదు. ఉంటే చాలు."

కుళాయి నేర్పించిన ఇంటి మనిషి. పేర్లు పెట్టిన మనిషి. నూకరత్నానికి ఆమె మీద కోపం తెచ్చుకోవాలనిపించింది. ఎక్కడా దొరకలేదు. కుట్ల మీద చెయ్యి వేసి నిమిరింది.

"గుంపులో ఉంటాలే" అంది జరీనా మొహం తిప్పుకుని. "పానా కావాలంటే మా ఆయన్ని అడుగు."

తిరుగు బస్సులో సన్నిబాబు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎండ మొహాన కొడుతోంది. నూకరత్నానికి లోపల ఇంకా మండుతూనే ఉంది. పట్టిక మీద కోపం, గుమ్మం మాట అన్న తన నోటి మీద కోపం, ఇంట్లో ఉన్న నీళ్ల డ్రమ్ము మీద కోపం. ఇంటికెళ్లగానే దాన్ని బోర్లించాలనుకుంది. బోర్లిస్తే నీళ్లెలా?

"అమ్మా, పప్పు పెట్టు" అంది హన్విక, మధ్యలో కూర్చుని అరచెయ్యి చాపి.

"ఇప్పుడా?"

"డాక్టరమ్మకి దారి తెలీలేదు."

నూకరత్నం పప్పు పోసింది. అన్నం కలిపింది. వేళ్లు మడిచింది. రెండు వేళ్లు మణికట్టు దాటి నడిచాయి, మోచేతి దగ్గరికి వచ్చాయి. పిల్ల ఊపిరి బిగబట్టింది. ఎదురు సీటు ఇనప కమ్మీ మెరిసింది. అదే రూటు. నూకరత్నం వేళ్లు ఆగిపోయాయి.

ఆట కోసం ఆగే ఆగడం కాదది. ఏ కంపెనీ తయారు చెయ్యని, ఎవరూ ఎక్కించని భయం ఒకటి భుజం నుంచి వేళ్ల దాకా దిగి, కదలనివ్వడం లేదు. హాల్లో అంత గొంతు చించుకున్న మనిషి, ఇక్కడికి వచ్చేసరికి తనే వార్డెనమ్మ అయిపోయింది.

హన్విక ఊపిరి బిగబట్టే చూస్తోంది. బుగ్గలు ఉబ్బిపోయాయి. ఇక ఆగలేక, రెండో చేత్తో తల్లి వేళ్లని పట్టుకుని ముందుకి లాగింది.

నూకరత్నం నడిచింది.

నవ్వు బస్సంతా పగిలింది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. పిల్ల తల వెనక్కి వాలిపోయింది, కళ్లు పైకి వెళ్లాయి, ఊపిరి ఆగింది. ఇది నవ్వో, అదో, ఆ క్షణాన నూకరత్నానికి తెలియలేదు. తలకీ కమ్మీకీ మధ్య ఒక చెయ్యి వచ్చి పడింది. చిల్లుల చొక్కా చెయ్యి. కిటికీ వైపు తిరిగినవాడు ఎప్పుడు ఇటు తిరిగాడో.

హన్విక ఊపిరి తీసుకుంది. కళ్లు కిందికి దిగాయి, తడిగా, ఆరిపోకుండా.

"మళ్లీ" అంది.

సన్నిబాబు చెయ్యి తియ్యలేదు. నూకరత్నం కోపమూ చల్లారలేదు. ఆ కోపంతోనే పిల్ల అరచెయ్యి విప్పి, మళ్లీ పప్పు పోసింది.